పదకొండు రోజులు, ఒక అధిక మాసం

మా అత్తగారు రత్నమాణిక్యంగారికి ఇద్దరు కొడుకులు. ఆకివీడులో మేము, తాడేపల్లిగూడెంలో మా మరిది హేమంత్‌కుమార్ వాళ్ళు. పదేళ్ళ కిందట మామగారు కాలం చెయ్యగానే వంతులు పెట్టుకున్నాం. మాఘం నుంచి ఆషాఢం ఆఖరు దాకా ఆవిడ మా ఇంట్లో, శ్రావణం నుంచి పుష్యం ఆఖరు దాకా గూడెంలో. ఆ ఏర్పాటు చేసింది కూడా ఆవిడే.

నిజం చెప్పడానికి సిగ్గెందుకు? ఏటా ఆషాఢ బహుళం రాగానే నాకు ప్రాణం లేచొచ్చేది. బయల్దేరడానికి రెండ్రోజుల ముందే ఆవిడ సంచి సర్ది గుమ్మం పక్కన పెట్టేదాన్ని. పుష్యమాసంలో నా తోడికోడలు శ్రీదుర్గ కూడా అంతే చేస్తుందని, అక్కణ్ణుంచి వచ్చిన సంచి చూస్తేనే తెలిసేది. మడత నలగని చీరలు, మందుల డబ్బా, కళ్ళజోడు పెట్టె, ఎంతో తీరుగా, ఎంతో ఆత్రంగా సర్దినట్టుండేవి. మాకు ఆవిడతో గొడవలు లేవు. మాటలే లేవు. "పులుసులో బెల్లం తగ్గిందమ్మా", "ఆరేసిన బట్టలు తీశావా?" ఆరు నెలలకీ మా ఇద్దరి మధ్య నడిచే సంభాషణ ఇంచుమించు ఇదే.

ఈ ఏడాది మాఘంలో మా అబ్బాయి చరణ్‌తేజ సెలవలకి వచ్చి, టీవీలో ఏదో పెట్టి, రిమోట్ ఎక్కడో పడేసి హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. ఆ పెట్టింది 'తొమ్మిదో కక్ష్య' అనే అంతరిక్షం సీరియల్. తెలుగులోకి డబ్బింగ్ చేసినది. ఒక భాగం అవగానే ఇంకొకటి దానంతటదే వచ్చేస్తోంది. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ ఇటు, ఆవిడ వత్తులు చేసుకుంటూ అటు. ఆపడం ఎలాగో తెలియక ఇద్దరం చూశాం. నాలుగు రోజుల తరవాత రిమోట్ బియ్యం డబ్బా వెనక దొరికింది. అప్పటికి దానితో మాకు పని లేకపోయింది.

కథ కష్టమైనదేం కాదు. నలభై మంది ఒక ఓడలో చుక్కల మధ్య పోతూ ఉంటారు. పెద్ద పెద్ద నీళ్ళ తొట్లలో పచ్చటి నాచు పెంచుకుంటారు. ఆ నాచు ఇచ్చే గాలే వాళ్ళ ఊపిరి. వాళ్ళ కెప్టెన్ పేరు లీనా. అత్తగారికి లీనమ్మ. రెండో సీజను ఆఖర్లో ఓడ ఇంజను పాడవుతుంది. లీనమ్మ అందరినీ చిన్న పడవల్లో పంపించేసి తనొక్కతే ఉండిపోతుంది. దీపాలు ఒక్కొక్కటీ ఆరిపోతాయి. చీకటి. ఆ చీకటి మీద తెల్లటి అక్షరాలు: 'పదకొండు రోజుల తరవాత'. ఖాళీ కుర్చీ. అంతే. మూడో సీజను రావడానికి ఇంకా రెండేళ్ళట.

"ఇదేం పద్ధతే కుసుమా? ఉందో పోయిందో చెప్పకుండా ఎలా ఆపుతారు?" అత్తగారు నా మీద కేకలేశారు, నేనే ఆపినట్టు. కాసేపటికి ఆవిడే నవ్వారు. "మా రోజుల్లో వారపత్రికలూ ఇలాగే ఆపేసేవి. శుక్రవారం పేపరతను వచ్చే వేళకి నేనూ మా తోడికోడలూ ఇద్దరం వీధిలోకి పరిగెత్తేవాళ్ళం. ముందు ఎవరు లాక్కుంటే వాళ్ళది."

ఆవిడ పరిగెత్తడం నేను ఊహించి ఎరగను. ఆ రోజు ఊహించాను.

ఆ సీరియల్ అభిమానులకి వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉందని తెలిసి అందులో చేరాను. నడిపేది జంగారెడ్డిగూడెం కుర్రాడు, వినయ్. నా పేరు 'కొల్లేరు కుసుమ' అని పెట్టుకున్నాను. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం వినయ్ పెట్టిన కబురుతో గ్రూపంతా గోలగోల. ఆ పదకొండు రోజుల్లో ఏం జరిగిందో మూడు నవలలుగా రాస్తున్నారట. మొదటిది 'పచ్చ చీకటి'. తెలుగు అనువాదం కూడా అదే రోజు, జులై ముప్ఫైన. ఏలూరులో ఒక పుస్తకాల షాపులో అభిమానులందరం కలుసుకోవాలని అనుకున్నాం.

జులై ముప్ఫై. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాను. జులై పధ్నాలుగుకే ఆరు నెలలు నిండిపోతున్నాయి. పుస్తకం వచ్చేసరికి ఆవిడ గూడెంలో ఉంటారు. మనసులో ఏదో కలుక్కుమంది. ఎందుకో నాకే అర్థం కాక, వంటింట్లోకి వెళ్ళి గోడ క్యాలెండర్ చూశాను. ఇంకోసారి చూశాను.

అధిక జ్యేష్ఠం!

ఈ ఏడాది జ్యేష్ఠాలు రెండు. ఆషాఢం ఆగస్టు పన్నెండు దాకా ఉంది. మూడేళ్ళ కిందట అధిక శ్రావణం శ్రీదుర్గ వంతులో పడితే, "మీ అదృష్టం అక్కా, ఏడు నెలలూ నాకే రాసిపెట్టి ఉంది" అని ఫోన్లో ఆరోపించినంత పనిచేసింది. ఈసారి అధికం నాకొచ్చింది.

"ఏంటే, క్యాలెండర్ చూసి నవ్వుకుంటున్నావు?" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి.

"ఏం లేదండి. గ్యాస్ ఎప్పుడొస్తుందా అని."

*

వైశాఖంలో ఒక పొద్దున ముత్యాలరాజు మా అరుగు మీద టీ తాగుతున్నాడు. మా చేపల చెరువుల దగ్గర పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. పొద్దున్నే దోనె మీద తిరుగుతూ, చేపల మేతకి చిల్లులు పెట్టిన బస్తాల్లో తవుడు నింపి, నీళ్ళలో పాతిన గెడలకి కట్టి వస్తాడు. సీరియల్ ఒక్క భాగం కూడా చూడలేదు. అత్తగారి నోట విన్నదే. అయినా లీనమ్మ గురించి మా అందరికంటే దిగులు అతనికే ఎక్కువ.

"దీపాలు పూర్తిగా ఆరిపోయాయంటారా అమ్మగారూ?"

"నా కళ్ళతో చూశాను కదా రాజూ."

"తొట్లలో పచ్చనీళ్ళు అలాగే ఉన్నాయాండి?"

"ఉన్నాయి."

టీ గ్లాసు కింద పెట్టేశాడు. "అయితే రెండ్రోజుల్లో ఆయమ్మ పని అయిపోద్దండి."

"అదేంటి? ఆ నాచే గాలి ఇస్తుందని చెప్పాడుగా!"

"వెలుగున్నంతసేపే ఇత్తదండి. చీకటిపడితే అదే గాలి లాగేసుకుంటది. మన చెరువులో చూడలేదాండి? నీళ్ళు బాగా పచ్చబడి, నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చేపలన్నీ నోళ్ళు తెరుచుకుని పైకొచ్చేత్తాయి. నీళ్ళు చిలికే ఏరేటర్లు తిప్పకపోతే చచ్చి తెల్లగా తేలిపోతాయి."

అత్తగారు వత్తుల పళ్ళెం పక్కకి నెట్టేశారు. "మరేం చెయ్యాలి?"

"ఓడకి కిటికీ ఏవన్నా ఉందాండి?"

"పైన గాజుది ఒకటుంది. ఎర్ర సూర్యుడి వెలుగు కొంచెం పడుతుంది," అన్నాను నేను.

"ఆయ్! అయితే పర్లేదండి. ఆ కిటికీ కింద తొట్టి ఒక్కటి ఉంచుకుని, మిగతా పచ్చనీళ్ళన్నీ వదిలెయ్యాలండి. మనసు రాదు. చేత్తో పెంచుకున్నదాయె. అయినా వదిలెయ్యాలి. నాలాంటోడు ఒక్కడు పక్కనుంటే చెప్పును." నిజంగానే బాధపడుతూ లేచి వెళ్ళాడు.

లోపల్నుంచి మా ఆయన జగ్గారావుగారు లుంగీ సవరించుకుంటూ వచ్చారు. "ఆవిడ ఎప్పుడో పోయింది. పుస్తకాలు అమ్ముకోడానికి సాగదీస్తున్నారు. ఆ రాజుగాడికీ ఎక్కించారా ఈ పిచ్చి?"

"నువ్వు చెరువు కాడికి వెళ్ళరా నాన్నా," అన్నారు అత్తగారు.

ఆ సాయంత్రం గ్రూపు తెరిచి చూద్దును కదా, ముత్యాలరాజు మాటలు ఉన్నవి ఉన్నట్టు అక్కడ కనపడ్డాయి. కిటికీ కింద తొట్టి, వదిలెయ్యాల్సిన పచ్చనీళ్ళు, ఆఖరికి నోళ్ళు తెరిచిన చేపలతో సహా. పెట్టింది 'గగన విహారి'. ఫిబ్రవరి నుంచీ నాతో ప్రతిదానికీ వాదించే మనిషి. మీసాలున్న ఏ రిటైర్డు లెక్చరరో అనుకునేదాన్ని. కింద వందమంది శభాష్ అంటున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అత్తయ్యగారూ, మన రాజు చెప్పింది ఎవడో కాజేశాడండి! వాడికెలా తెలిసింది?"

ఆవిడ వత్తి చేసుకుంటూనే అన్నారు, "ఎవడో ఏమిటే? నేనే చెప్పాను. ఫోన్లో."

"ఎవరికి?"

"శ్రీదుర్గకి. నేను చెప్పగా మూడు నెలల్నించీ చూస్తోంది అదీనీ. నీకు చెప్పలేదా?"

నేను అలాగే మంచం మీద కూర్చుండిపోయాను. పద్ధెనిమిదేళ్ళ తోడికోడళ్ళం. పండగలకీ పెళ్ళిళ్ళకీ "బావున్నారా అక్కా", "బావున్నావా" తప్ప మాట్లాడుకున్నది తక్కువ. మూడు నెలలుగా ఆ పిల్లతోనా నేను లీనమ్మ ప్రాణం గురించి పోట్లాడుతున్నది! రాత్రి అన్నాలయ్యాక ఫోన్ చేశాను.

"గగన విహారిగారున్నారా?"

 ఇద్దరం నవ్విన నవ్వుకి మా ఆయన టీవీ సౌండు పెంచుకున్నారు.

*

నవ్వు ఎంతో కాలం నిలవలేదు. జూన్ నెల సగంలో శ్రీదుర్గ ఫోన్ చేసింది.

"అక్కా, జులై పదిహేనున మీ మరిదిగారు కారేసుకుని వస్తారు. అత్తయ్యగారిని రెడీగా ఉంచండి."

"పదిహేనేమిటి? ఆషాఢం అయ్యేది ఆగస్టు పన్నెండుకి. అధికం వచ్చింది, చూసుకోలేదా?"

"అధిక మాసం లెక్కలోకి రాదక్కా. ఆ నెల్లో ఏ శుభకార్యమూ చెయ్యరు."

"అత్తగారు ఉండటం శుభకార్యం కిందకి వస్తుందా? మరి మూడేళ్ళ కిందట నీకు వచ్చిందిగా లెక్కలోకి?"

"అప్పుడొచ్చింది కాబట్టే ఇప్పుడు రాకూడదు, చెల్లుకి చెల్లు. అయినా అక్కా, ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే ఇంట్లో ఉండకూడదు కదా?"

"అది కొత్త కోడళ్ళకమ్మా! నాకు పెళ్ళై పాతికేళ్ళు."

"మీ ప్రేమ కొత్తదే కదక్కా!"

ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక నవ్వొచ్చింది. నవ్వాక భయం వేసింది. పుస్తకం వచ్చిన రోజు ఆవిడ పక్కన ఉండేది నేనా, శ్రీదుర్గా? ఈ ఏడాది నాకు ఇంతకంటే పెద్ద సంగతి లేకుండా పోయింది. లీనమ్మ బతికి ఉంటే ఆవిడ మొహం ఎలా వెలుగుతుందో నేను చూడాలి. పోయి ఉంటే ఆవిడ పక్కన నేనుండాలి.

అత్తగారు ఈ గొడవ వింటూనే ఉన్నారు.  వత్తులు మాత్రం ఆ వారం మామూలుకంటే సన్నగా వచ్చాయి.

ఆ వారంలోనే మా ఆయన భీమడోలులో ఒక శుభలేఖ ఇవ్వడానికి వెళ్ళి, అక్కడ తమ్ముణ్ణి కలిసి, సాయంత్రం మహా హుషారుగా ఇంటికొచ్చారు. చేతిలో తాపేశ్వరం కాజాల పొట్లం.

"కుసుమా, నీకో మంచి కబురు. అధిక మాసం లెక్క తీసేశాం. నేనే చెప్పాను వాడికి. 'మీ వదిన పాపం ఏడు నెలలు ఎక్కడ చేస్తుందిరా, ఆరే లెక్క పెట్టు' అన్నాను. వాడూ గొణక్కుండా ఒప్పేసుకున్నాడు, ఆశ్చర్యం! పదిహేనున అమ్మని తీసుకెళ్ళిపోతాడు. తిను, కాజా తిను."

ఏటా ఆషాఢం ఆఖర్లో నా మొహం చూస్తూ వచ్చిన మనిషి. ఆయన తప్పు ఏముంది? నాకు ఏది ఇష్టమో కనిపెట్టి, తమ్ముడి దగ్గర మాట పుచ్చుకుని, కాజాలు కూడా తెచ్చారు.

"ఎవరడగమన్నారండీ మిమ్మల్ని?" అన్నాను.

"అదేంటి? నీకోసమే..."

"కాజా మెత్తబడింది," అని లోపలికి వెళ్ళిపోయాను. వీధి గదిలోంచి అత్తగారి మాట వినబడింది. "మాట ఇచ్చేశావుగా నాన్నా. సరే అయితే."

*

జులై పదిహేను. అన్న టైముకే హేమంత్‌కుమార్ కారు వచ్చి వీధిలో ఆగింది. మరిది లోపలికొచ్చి అలవాటుగా గుమ్మం పక్కన చూశాడు.

"అమ్మ సంచి ఏది వదినా?"

అప్పుడు నాకు తెలిసింది, సంచి సర్దలేదని. మర్చిపోలేదు. నిన్న రెండుసార్లు బీరువా తెరిచాను, రెండుసార్లు మూశాను. ఆవిడ చీరలు ఉతికి దండెం మీదే ఉన్నాయి. మందుల డబ్బా కిటికీలో ఉంది.

అత్తగారు వచ్చి దండెం వంక చూశారు. తరవాత నా వంక.

"సర్దలేదేం?"

"ఎండ చాలక ఆరలేదండి," అన్నాను. బయట ఎండ పెళపెళలాడుతోంది. మరిది నుదురు తుడుచుకుంటున్నాడు. ఇక అబద్ధం ఆడలేక, "మీరెక్కడ ఉందామనుకుంటున్నారో నేను ఎప్పుడూ అడగలేదు అత్తయ్యగారూ," అన్నాను.

ఆవిడ దండెం మీంచి ఒక చీర తీసి, నిదానంగా మడత పెట్టి, నా చేతిలో పెట్టారు. "బీరువాలో పెట్టెయ్," అన్నారు. తరవాత కొడుకు వైపు తిరిగారు. "కాఫీ తాగి వెళ్ళరా. ముప్ఫయ్యో తారీఖు నేను ఏలూరు వస్తాను. నీ పెళ్ళాన్ని కూడా అక్కడికే రమ్మను. పుస్తకం మధ్యలో మీ మగాళ్ళ పంచాయితీ ఏమిటి?"

"అమ్మా, పుస్తకం ఏమిటి?" అన్నాడు హేమంత్‌కుమార్. ఆ అమాయకుడికి అప్పటిదాకా ఏమీ తెలియదు.

మా ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, "నన్నడక్కు. నేను చెరువు కాడికి వెళుతున్నాను," అన్నారు.

*

కైకలూరు మీదుగా ఏలూరు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చున్నారు. దారి పొడుగునా రెండు పక్కలా నీళ్ళు, గట్లు, ఏరేటర్ల నురగ. ఆవిడ ప్రతి చెరువునీ పరీక్షగా చూస్తూ, "ఇది బాగా పచ్చబడింది. లీనమ్మకి చూపించాలి," అన్నారు. ముందు సీట్లో ఎవరో పెద్దమనిషి వెనక్కి తిరిగి చూశాడు. ముందురోజు పెట్టుకున్న గోరింటాకు ఆవిడ వేళ్ళకి ఎర్రగా, చందమామల్లా పండింది.

పుస్తకాల షాపు దగ్గర యాభై మంది దాకా ఉన్నారు. అందరూ పాతికేళ్ళ లోపు వాళ్ళు. వినయ్ మమ్మల్ని చూసి, "ఎవరి కోసమండీ?" అన్నాడు.

"నేను కొల్లేరు కుసుమని."

అతను చేతులు జోడించేశాడు. అంతలో రైలు దిగి, ఆటోలో శ్రీదుర్గ వచ్చింది. దాని చేతులకీ గోరింటాకు. నన్ను చూసి కొంచెం జంకింది. "అక్కా, కోపం పోయిందా?"

"పుస్తకం చూశాక చెబుతాను."

"ఈవిడేనండీ గగన విహారి," అని నేను వినయ్‌కి చూపిస్తే, అతను గ్రూపులో ఆ క్షణమే ఫోటో పెట్టేశాడు.

మూడు పుస్తకాలు తీసుకున్నాం. మూడెందుకని శ్రీదుర్గ అంటే, "నాది నాకు కావాలి. మా తోడికోడలితో లాక్కోడాలు చాలా అయ్యాయి," అన్నారు అత్తగారు. ఆకుపచ్చ అట్ట. మధ్యలో చిన్న తెల్లటి కిటికీ. ఆవిడ షాపు మెట్ల మీదే కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, మొదటి పేజీ పైకి చదవడం మొదలుపెట్టారు. వారపత్రికల నాటి గొంతు కాబోలు, నేను ఎప్పుడూ వినలేదు. చుట్టూ ఉన్న పిల్లలు ఒక్కొక్కళ్ళే వచ్చి కింద కూర్చున్నారు.

నాలుగో ప్రకరణం దగ్గర శ్రీదుర్గ రైలుకి వేళయింది. స్టేషన్ దాకా ముగ్గురం కలిసే వెళ్ళాం. రైలు ఆగింది. "వెళ్ళొస్తానక్కా," అని శ్రీదుర్గ నా చెయ్యి పట్టుకుంది. అత్తగారు మాత్రం పుస్తకంలో వేలు పెట్టుకుని, తల ఎత్తకుండా దానితోపాటు రైలెక్కేశారు.

"అత్తయ్యగారూ, అది గూడెం రైలండీ!"

"తెలుసు. మధ్యలో ఎలా ఆపను? నువ్వూ ఎక్కు."

ఎక్కాను. ఇంట్లో చెప్పలేదు, మార్చుకోడానికి చీర లేదు. మా ఆయనకి ఫోన్ చేసి, కూర ఫ్రిజ్‌లో ఉంది, అన్నం మీరే వండుకోండి అన్నాను. "ఎప్పుడొస్తారు?" అన్నారు. "లీనమ్మని అడిగి చెబుతాను," అన్నాను.

మధ్యలో ఆవిడ, చెరో వైపు మేం. భీమడోలు దగ్గర పడుతుండగా ఆవిడ గొంతు నెమ్మదించింది. చీకట్లో ఊపిరి ఆడక లీనమ్మ పాక్కుంటూ తొట్ల దగ్గరికి చేరింది. ఒక్కొక్క తొట్టి మీదా చెయ్యి వేసి నిమిరింది. ఒక్కటి మాత్రం కిటికీ కింద ఎర్ర వెలుగులో ఉంచి, మిగతా వాటి మరలు ఒక్కొక్కటే తిప్పింది. పచ్చనీళ్ళు వెళ్ళిపోతున్న చప్పుడు విని ఏడ్చింది. తరవాత పడుకుని, లోతుగా ఊపిరి పీల్చింది.

శ్రీదుర్గ గట్టిగా అరిచింది. ఎదురు సీట్లో ఆవిడ ఒళ్ళోని వేరుశనక్కాయలు కింద ఒలికిపోయాయి. నేను గబగబా ఫోన్ తీశాను.

"రాజూ! నీళ్ళు వదిలేసింది!"

ముత్యాలరాజు గట్టు మీద ఉన్నట్టున్నాడు, వెనక ఏరేటర్ మోత. "ఆయ్! ఒక తొట్టి ఉంచుకుందాండి?"

"ఉంచుకుంది. కిటికీ కింద."

"బతికిపోయిందండి బాబూ!" అని, పక్కన ఎవరితోనో "ఒసే మంగా, ఆయమ్మ బతికింది!" అని కేక వేశాడు. మంగకి లీనమ్మ ఎవరో తెలుసో లేదో. ఎవరైతేనేం, ఆవిడా "పోన్లెండి పాపం" అనడం నాకు వినబడింది.

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.  ఎర్రటి వేలు పేజీలో అలాగే ఉంది. రెండో చెయ్యి మాత్రం నా మోకాలి మీద ఉంది. ఎప్పుడు పెట్టారో నేను చూడలేదు.

గూడెం స్టేషన్లో హేమంత్‌కుమార్ ఎదురొచ్చాడు. మేం ముగ్గురం దిగడం చూసి, అలవాటు ప్రకారం మా చేతుల వైపు వెతికాడు.

"అమ్మ సంచి ఏది వదినా?"

 శ్రీదుర్గ నా వైపు చూసింది. అత్తగారు పుస్తకం చంకలో పెట్టుకుని, మా ఇద్దరికంటే ముందు మెట్లెక్కుతున్నారు.

"నాలుగు రోజులే అయ్యాయి, లీనమ్మకి ఇంకా ఏడు రోజులున్నాయిరా," అన్నారు వెనక్కి తిరక్కుండా. "కుసుమకి రేపు కట్టుకోడానికి చీర చూడమను నీ పెళ్ళాన్ని."